ఉప్పు రుచి మరిగిన మేక, ఉలిక్కిపడ్డ ఎలుగు

మేక మనిషిని చంపగలదా? తెలుగునాట ఈ ప్రశ్న వేస్తే ఎవరైనా నవ్వుతారు. మన ఊహలో మేక బలిపశువే గాని బలి తీసుకొనే పశువు కాదు. ఎవరూ పులిని బలి ఇవ్వరు, మేకపిల్లనే ఇస్తారు అని పెద్దలు చెప్పే నీతిలో సైతం మేక దుర్బలత్వానికి గుర్తు. అయినా 2010 అక్టోబరు 16న, అమెరికా వాయవ్య మూలన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో, ఒలింపిక్ నేషనల్ పార్కులోని ఒక కొండబాట మీద మగ కొండమేక ఒకటి మనిషిని పొడిచి చంపింది. జంతువు దాడిలో మనిషి మరణించడం ఆ పార్కు చరిత్రలో అదే మొదటిసారి అని అధికారులు ప్రకటించారు. ఆ అడవుల్లో నల్ల ఎలుగులున్నాయి, కూగర్ అనే పెద్దపిల్లులున్నాయి. వాటివల్ల ఎన్నడూ జరగనిది మేకవల్ల జరిగింది.

దీన్ని వింతవార్తగా చదివి మరచిపోవచ్చు. కాని ఈ ఒక్క మరణం వెనుక ఎనభై అయిదేళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రను మన సిరిసిల్ల, జగిత్యాల కొండల్లో మనుషులకూ ఎలుగులకూ మధ్య జరుగుతున్న కథ పక్కన పెట్టి చదివితే, మృగం ఎప్పుడు ప్రమాదకరమవుతుంది అన్న ప్రశ్నకు కొంత స్పష్టమైన సమాధానం దొరుకుతుందని నాకు తోచింది. సియాటిల్, బెల్వ్యూ, రెడ్మండ్ పట్టణాల నుంచి శనాదివారాలు కొండలెక్కే తెలుగువారికీ, వీర్నపల్లి వైపు తెల్లవారకముందే ఆకు కోతకు బయలుదేరే ఆడకూలీలకూ కూడా ఆ సమాధానంతో నిమిత్తం ఉంది.

పేరులోని చిక్కు

ముందుగా పేరు సంగతి. మన అడవుల్లో కొండమేక లేదు. కాని "కొండగొర్రె" ఉంది. ఆ పేరుతో పిలిచే జంతువు గొర్రె కాదు, మేకా కాదు. అది నాలుగు కొమ్ముల చిన్న జింక. ఎత్తు రెండడుగులు, బరువు ఇరవై కిలోల చిల్లర. మగదానికి చెవుల మధ్య రెండు, నుదుటి మీద మరి రెండు పొట్టి కొమ్ములుంటాయి. అడవి జంతువుల్లో నాలుగు కొమ్ములు మొలిచేది ఇదొక్కటే. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1867లో ప్రచురించిన భారతీయ క్షీరదాల గ్రంథంలో దీని తెలుగు పేరును "కొండగొరి" అని నమోదు చేశాడు. మనిషి అలికిడికే పొదల్లోకి జారుకొనే ఈ ఒంటరి ప్రాణివల్ల ఎవరికీ హాని లేదు.

దక్షిణాదిలో అసలైన కొండమేకను చూడాలంటే పడమటి కనుమలకు పోవాలి. తమిళులు "వరైయాడు" అని పిలిచే నీలగిరి తార్ అది. తమిళనాడుకు రాష్ట్రజంతువు కూడా. కేరళలో మున్నారు దగ్గరి ఎరవికుళం నేషనల్ పార్కులో రాజమల అనే చోట అది దారి పక్కనే నిర్భయంగా మేస్తూ కనిపిస్తుంది. మన్యం తేయాకు తోటలు చూడబోయిన తెలుగు యాత్రికులలో చాలామంది దానితో ఫోటో దిగే ఉంటారు. ఈనే కాలంలో ఆ పార్కును ఏటా మూసివేస్తారు గనుక తల్లీ పిల్లలను మనుషులు చుట్టుముట్టే అవస్థ అక్కడ కొంత తప్పింది.

ఇక అమెరికాది మూడో రకం. శాస్త్రజ్ఞుల లెక్కలో అదీ మన మేకకు సొంత బంధువు కాదు, మేకకూ జింకకూ మధ్యస్థమైన జాతి. తెల్లని దట్టమైన ఉన్ని, గడ్డం, నల్లగా సూదిగా వెనక్కు వంగిన కొమ్ములు. ఆడదానికీ మగదానికీ కూడా కొమ్ములుంటాయి. పసిఫిక్ తీరపు సేలిష్ తెగలవారు ముళ్ళపొదలకు చిక్కుకొని మిగిలిన దాని ఉన్నిని ఏరి తెచ్చి మగ్గాల మీద దుప్పట్లు నేసేవారు. సిరిసిల్ల వంటి నేతగాళ్ళ ఊరిని ఎరిగినవారికి ఈ మాట ఆసక్తి కలిగిస్తుంది. ఆ ఉన్ని కోసం మేకను చంపవలసిన పని లేదు, దాని దగ్గరికి పోవలసిన పని కూడా లేదు. అది విడిచిపోయినదాన్ని ఏరుకోవడమే.

ఈ జంతువు పోరాడే తీరు గమనించదగ్గది. మన పొట్టేళ్ళు వెనక్కు తగ్గి, పరుగున వచ్చి, తలకు తల ఢీకొంటాయి. వాటి పుర్రె అందుకు తగ్గట్టే తయారయింది. అమెరికా కొండమేక ఢీకొట్టదు, పొడుస్తుంది. రెండు మేకలు తలా తోకా ఎదురెదురుగా పక్కపక్కన నిలిచి, గుండ్రంగా తిరుగుతూ, ఒకదాని వెనుక తొడలను మరొకటి కొమ్ములతో పొడవజూస్తాయి. అందుకే వాటి పిరుదుల దగ్గర చర్మం కవచంలా దళసరిగా ఉంటుంది. మనిషి తొడకు అటువంటి కవచం లేదు. ఆ కొమ్ముల పదును ఎంతటిదో 2021 సెప్టెంబరులో కెనడాలోని యోహో నేషనల్ పార్కులో తెలిసివచ్చింది. దారి పక్కన చచ్చిపడి ఉన్న ఒక ఆడ గ్రిజ్లీ ఎలుగును పరీక్షిస్తే, మెడ కిందా చంకల్లోనూ ఉన్న గాయాలు కొండమేక కొమ్ములవేనని తేలింది. వేటాడబోయిన ఎలుగే హతమైంది.

పన్నెండు మేకలు

ఒలింపిక్ పర్వతాలకు ఈ మేకలు సహజంగా చెందినవి కావు. తూర్పున ఉన్న క్యాస్కేడ్ పర్వతాల్లో అవి అనాదిగా ఉన్నాయి గాని, మధ్యనున్న పల్లపు భూములనూ సముద్రపు పాయనూ దాటి ఒలింపిక్ ద్వీపకల్పానికి రాలేదు. 1925 నుంచి 1929 వరకు, వేటకు పనికివస్తాయన్న ఉద్దేశంతో, కెనడా నుంచీ అలాస్కా నుంచీ సుమారు ఒక డజను మేకలను తెచ్చి ఆ కొండల్లో వదిలారు. అప్పటికి అది నేషనల్ పార్కు కాదు.

1938లో పార్కు ఏర్పడింది. పార్కులో వేట నిషిద్ధం. వేట కోసం తెచ్చిన జంతువుకు వేటగాడు లేకుండా పోయాడు. ఆ పైన మేకల సంతతి నిరాఘాటంగా పెరిగింది. 1983లో లెక్కించినప్పుడు వెయ్యికి పైగా తేలాయి. అవి నేలను గిట్టలతో తవ్వి దుమ్ములో పొర్లుతాయి. ప్రపంచంలో మరెక్కడా పెరగని కొన్ని మొక్కలు ఆ శిఖరాల మీద ఉన్నాయి. వాటిని మేసి, తొక్కి నాశనం చేస్తున్నాయని వృక్షశాస్త్రజ్ఞులు మొరపెట్టారు. 1980లలో హెలికాప్టర్ల సాయంతో నాలుగు వందల దాకా ప్రాణాలతో పట్టి బయటికి పంపారు. మిగిలినవాటిని కాల్చివేద్దామన్న ఆలోచన 1990లలో వచ్చింది. జంతుప్రేమికులు అభ్యంతరం చెప్పారు. ఈ మేకలు నిజంగా పరాయివేనా అన్న వాదం కూడా లేచింది. నిర్ణయం వాయిదా పడింది. వాయిదా పడ్డ ఆ కాలంలో కొండబాటల మీద మనుషుల రాకపోకలు పెరిగాయి, మేకల సంఖ్యా మళ్ళీ పుంజుకుంది.

ఇంతవరకు ఇది పరిపాలనకు సంబంధించిన కథ. కాని మేక మనిషి మీదికి రావడానికి సంఖ్య ఒక్కటే కారణం కాదు. అసలు కారణం ఉప్పు.

ఉప్పు

గడ్డి తిని బతికే జంతువుకు ఉప్పు దొరకడం కష్టం. అది పుట్టిపెరిగిన పర్వతాల్లో ఉప్పునేలలు ఉంటాయి. మేకలు మైళ్ళ కొద్దీ నడిచి వెళ్ళి వాటిని నాకుతాయి. మన గొల్లలు, కురుమలు మందకు ఉప్పు పెట్టడం ఎరిగినవారికి దీన్ని వివరించనవసరం లేదు. ఒలింపిక్ పర్వతాల్లో అటువంటి ఉప్పునేలలు కరువు. వేసవిలో ఆ లోటును తీర్చిన ప్రాణి మనిషి. అతని చెమటలో ఉప్పుంది, చెమట అంటిన సంచి పట్టీలలో ఉప్పుంది, అతను మూత్రం పోసిన నేలలో ఉప్పుంది. బాట పక్కన మనిషి కూర్చుని లేచిన చోటల్లా మేకకు ఉప్పుగుంటే.

రోజూ వందలమంది నడిచే బాటల మీద ఈ మరిగింపు తరతరాలుగా సాగింది. మొదట దూరంగా నిలిచి చూసిన మేక, తరువాత మనిషి వెళ్ళిపోయేదాకా కాచుకుంది, ఆ తరువాత కాచుకోవడం మానేసింది. తల్లి వెంట వచ్చిన పిల్లకు మనిషి అంటే భయపడాలని నేర్పేవారు లేరు. చూసేవారికి మాత్రం అది ముచ్చటగా కనిపించింది. తెల్లని ఉన్నితో, గడ్డంతో, అడవి జంతువు అయిదడుగుల దూరంలో నిలబడితే ఎవరైనా దాన్ని స్నేహమనే అనుకుంటారు. కాని మేక దృష్టిలో అది స్నేహం కాదు. మేకలలో ఎవరి స్థానం ఎక్కడో కొమ్ములతో తేల్చుకుంటాయి. భయం పోయిన తరువాత మనిషి కూడా దాని లెక్కలో దారికి అడ్డం నిలిచిన మరొక మేక.

2010 నాటి దుర్ఘటనకు ముందు కొన్నేళ్ళుగా హరికేన్ రిడ్జ్ ప్రాంతంలో ఒక పెద్ద మగమేక మనుషులకు దారి ఇవ్వకుండా నిలబడుతోందని, వెంటాడుతోందని ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. సిబ్బంది దాన్ని రాళ్ళతో, రబ్బరు గుళ్ళతో అదలించే ప్రయత్నాలు చేశారు. అది మళ్ళీ మళ్ళీ బాట మీదికే వచ్చింది.

ఆ శనివారం

ఆ రోజు పోర్ట్ ఏంజెలిస్ పట్టణానికి చెందిన 63 ఏళ్ళ వ్యక్తి, తన భార్యతోనూ ఒక స్నేహితురాలితోనూ కలిసి క్లాహేన్ రిడ్జ్ మీదికి వెళ్ళే బాటలో నడిచాడు. అతను వృత్తిరీత్యా నర్సు. ఆ కొండలు కొత్తవాడు కాదు. ముగ్గురూ భోజనానికి ఆగినచోట మేక దగ్గరికి వచ్చింది. వారు లేచి నడక సాగిస్తే వెంట వచ్చింది. అతను ఆడవారిద్దరినీ ముందు నడవమని, తాను వెనుక ఉండి దాన్ని అదిలించబోయాడు. మేక అతని తొడలో పొడిచింది. కొమ్ము రక్తనాళాన్ని తెంచింది.

అంతటితో మేక వెళ్ళిపోలేదు. పడిపోయిన మనిషి పక్కనే నిలబడి, దగ్గరికి రాబోయినవారిని రానివ్వలేదు. సాయానికి వచ్చినవారు రాళ్ళు రువ్వి, మెరిసే దుప్పటి విదిలించి ఎట్టకేలకు దాన్ని కొంత దూరం తరిమేసరికి చాలా సమయం గడిచిపోయింది. తీరరక్షక దళం హెలికాప్టరులో తరలించినా ప్రాణం దక్కలేదు. ఆ తరువాత అధికారులు ఆ మేకను వెతికి కాల్చివేశారు. తూచితే 370 పౌండ్లు, అంటే దాదాపు 168 కిలోలు ఉంది. తొలికాలపు వేటగాళ్ళు చూసి సంబరపడవలసిన బరువు.

కుటుంబం న్యాయస్థానానికి వెళ్ళింది. ఫలానా మేక ప్రమాదకరమని కొన్నేళ్ళుగా తెలిసి కూడా పార్కు దాన్ని తొలగించలేదన్నది వారి వాదన. జిల్లా కోర్టు దావాను కొట్టివేసింది. 2015 జూలైలో అప్పీలు కోర్టు ఇద్దరు న్యాయమూర్తులు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ తీర్పునే ఖాయపరచింది. ఏ జంతువును ఉంచాలి, ఏ జంతువును తొలగించాలి అన్నది ప్రభుత్వం తన విచక్షణతో తీసుకొనే విధాననిర్ణయం, దాని మీద నష్టపరిహారపు దావా చెల్లదు అని మెజారిటీ అభిప్రాయం. చట్టం దృష్టిలో అది సబబే కావచ్చు. కాని వాయిదా వేయడం కూడా ఒక నిర్ణయమేనని, దాని ఫలితాన్ని అనుభవించేది నిర్ణయించినవారు కారని ఈ కేసు చదివినవారికి అనిపించక మానదు.

చివరకు 2018లో ప్రభుత్వం కదిలింది. 2018 నుంచి 2020 వరకు హెలికాప్టర్లతో మేకలను పట్టి, కళ్ళకు గంతలు కట్టి, జోలెల్లో వేలాడదీసి తెచ్చి, మూడు వందలకు పైగా మేకలను వాటి సహజస్థానమైన ఉత్తర క్యాస్కేడ్ పర్వతాల్లో వదిలారు. పట్టుబడనివాటిని ఆ తరువాత కాల్చివేశారు. పన్నెండు మేకలను తెచ్చి వదలడానికి కొద్దిమంది వేటగాళ్ళ ఉత్సాహం సరిపోయింది. వాటిని తిరిగి తీసుకుపోవడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

మన కొండల్లో

ఇప్పుడు ఇంటివైపు చూద్దాం. ఎల్లారెడ్డిపేట దాటి వీర్నపల్లి వైపు పోతే గుట్టలు, తండాలు, ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు వీర్నపల్లి మండల కేంద్రమైంది. అంతకుముందు పాత కరీంనగరు జిల్లాలో ఎల్లారెడ్డిపేట మండలంలో ఒక ఊరు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల దాకా వ్యాపించిన ఈ గుట్టల్లో మనిషికి ఎదురయ్యే ప్రమాదం మేక కాదు, గుడ్డెలుగు.

"గుడ్డెలుగు" అన్న పేరు వినగానే దాని చూపు మందమని స్ఫురిస్తుంది. ఆ పేరు పెట్టినవారి పరిశీలన గొప్పది. ఎలుగుకు ముక్కు చురుకు, కన్నూ చెవీ అంత చురుకు కావు. అందులోనూ చెదపుట్టను తవ్వి, మూతి లోపలికి పెట్టి చెదలను జుర్రుకొంటున్నప్పుడు, ఆ చప్పుడులో దానికి మరేమీ వినిపించదు. పై దవడలో ముందుపళ్ళు రెండు ఉండవు, ఆ సందు గుండానే జుర్రుకుంటుంది. ఈ సందునూ, పొడుగాటి గోళ్ళనూ చూసి లండనులో జార్జి షా అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1791లో దీన్ని దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే బద్ధకపు జంతువుల జాతిలో వేశాడు. అది ఎలుగేనని తరువాత తేలింది గాని ఇంగ్లీషు పేరులో ఆ బద్ధకం నేటికీ మిగిలిపోయింది. మన పల్లెజనం మాత్రం మొదటినుంచీ దాన్ని బద్ధకపుదని అనుకోలేదు. దాని చేతి దెబ్బ తిన్నవారు ఆ మాట అనలేరు.

ఎలుగు మనిషిని తినడానికి వెంటపడదు. దాని ఆహారం చెదలు, చీమలు, తేనె, రేగుపండ్లు, తునికిపండ్లు, ఇప్పపువ్వు. అది మీద పడేది ఉలిక్కిపడి. అడుగుల దూరం దాకా మనిషి రాకను పసిగట్టలేదు. పసిగట్టిన క్షణంలో పారిపోయే వ్యవధి లేదనుకుంటుంది. పులీ చిరుతా తిరిగే అడవుల్లో చెట్టెక్కి తప్పించుకోవడం కన్నా ఎదురు తిరగడమే దానికి అలవాటైన ఆత్మరక్షణ. వెనుక కాళ్ళ మీద లేచి తలనూ మొహాన్నీ గోళ్ళతో చీరుతుంది. బతికి బయటపడినవారు కూడా జీవితాంతం ఆ గుర్తులు మోస్తారు. పిల్లలను వీపున ఎక్కించుకొని తిరిగే తల్లి ఎలుగైతే ప్రమాదం ఇంకా ఎక్కువ.

భాగవతంలోని శమంతకోపాఖ్యానాన్ని ఈ కోణం నుంచి చదివితే కొత్తగా తోస్తుంది. జాంబవంతుడు మణిని తెచ్చి గుహలో పిల్లకు ఆటవస్తువుగా ఇచ్చాడు. కృష్ణుడు ఆ గుహలోకి వెళ్ళాడు. పిల్ల ఉన్న గుహలోకి అపరిచితుడు రాగానే జాంబవంతుడు మరొక విచారణ లేకుండా తలపడ్డాడు. ఇరవై ఎనిమిది రోజుల తరువాత గాని వచ్చినవాడెవరో గుర్తించలేదు. గుహలోకి వెళ్ళింది కృష్ణుడే గాని, జాంబవంతుడు ద్వారక మీదికి రాలేదు. కథ కల్పించినవారికి ఎలుగు స్వభావం బాగా తెలిసే ఉంటుంది.

ఇప్పచెట్టు కింద

ఒలింపిక్ కొండలమీద నడిచేవాడు విహారి. ఎండగా ఉంటే వెళ్తాడు, ముసురు పడితే మానుకుంటాడు. మన కొండల్లో నడిచేవారికి ఆ వెసులుబాటు లేదు. ఇప్పపువ్వు రాత్రిపూట రాలుతుంది. పొద్దెక్కితే వాడిపోతుంది, పశువులు తినిపోతాయి. కనుక తెల్లవారుజామున చీకటితోనే వెళ్ళి ఏరుకోవాలి. రాత్రంతా తిరిగిన ఎలుగు కూడా గుట్టల్లోని సొరంగాలకు మళ్ళేముందు అదే చెట్టు కిందికి అదే పువ్వు కోసం వస్తుంది. ఇద్దరూ వంగి నేలను చూస్తూ ఉంటారు.

ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోత. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడవారి బతుకులు ఈ ఆకు మీదనే నిలిచాయి. ఆకు కొనుగోలును 1971 చట్టంతో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన అదుపులోకి తీసుకుంది. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలు ఒక బస్తా. కూలి రోజు లెక్కన కాదు, కట్టల లెక్కన. లేత ఆకు దొరికేచోటికి, ఇతరులు ఇంకా చేరనిచోటికి, ఒంటరిగా ముందు పోయినవారికి నాలుగు కట్టలు ఎక్కువ. గుంపుగా నడవండి, మాట్లాడుకుంటూ నడవండి అన్నది ఎలుగు విషయంలో అందరూ చెప్పే జాగ్రత్త. కట్టల లెక్క మాత్రం విడిపోయి వెదకమంటుంది. ఎలుగు దాడుల కథలో ఈ కూలి లెక్కకూ పాత్ర ఉందని మనం గుర్తించాలి.

దానికితోడు గుట్టల సంగతి. కరీంనగరు గ్రానైటు దేశదేశాలకు ఎగుమతి అయింది. బండల మధ్య సొరంగాలు ఎలుగులకు ఇళ్ళు. క్వారీలో మందుపాతర పేల్చి గుట్టను పలకలుగా కోసుకుపోతే, ఆ ఇంటి యజమాని ఎక్కడికి పోతుంది? 2023లో కరీంనగరు పట్టణ శివారు కాలనీలోకి ఎలుగు ఒకటి వచ్చి తిరిగితే మత్తుమందు ఇచ్చి పట్టుకోవలసివచ్చింది. శ్రీకాకుళం ఉద్దానంలోనూ ఇదే వరుస. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. జనం ఆగ్రహంతో ఎలుగును చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక రైతు బలయ్యాడు. పట్టిన ఎలుగు విశాఖపట్నం జంతుప్రదర్శనశాలకు తరలిస్తుండగా చచ్చిపోయింది. మనిషీ పోయాడు, మృగమూ పోయింది. ఒలింపిక్ కొండ మీద 2010లో జరిగినదీ అదే.

భయం పోయినది, భయపడినది

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెడితే ఒక భేదం, ఒక పోలిక కనిపిస్తాయి. కొండమేక మనిషిని పొడిచింది భయం పోయినందువల్ల. గుడ్డెలుగు మనిషిని చీరేది భయపడినందువల్ల. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. కాని రెండింటికీ మూలం ఒకటే. మృగానికీ మనిషికీ మధ్య ఉండవలసిన దూరం చెడిపోయింది. అక్కడ ఉప్పుతో చెడింది, ఇక్కడ కూలితోనూ క్వారీతోనూ చెడింది.

భేదాన్ని బట్టి జాగ్రత్తలు కూడా మారుతాయి. మేకకు కనీసం యాభై గజాల దూరం పాటించాలని పార్కువారి హెచ్చరిక. అది దగ్గరికి వస్తే ముచ్చటపడి నిలబడక వెనక్కు తగ్గాలి. అయినా వస్తే అరవాలి, బట్ట విదిలించాలి, రాళ్ళు రువ్వాలి. దానికి భయాన్ని తిరిగి నేర్పడమే దానికి చేయగల మేలు. బాట పక్కన మూత్రవిసర్జన చేయరాదన్నది వినడానికి హాస్యంగా ఉన్నా, ఈ చరిత్ర తెలిసినవారికి హాస్యం కాదు. క్యాస్కేడ్ పర్వతాల్లో ఎన్‌చాంట్‌మెంట్స్ వంటి చోట్ల మేకలు నేటికీ గుడారాల మధ్య తిరుగుతాయి. అక్కడికి వెళ్ళే మనవాళ్ళు పిల్లలను వాటి పక్కన నిలబెట్టి ఫోటోలు తీయకుండా ఉంటే అంతకన్నా కోరదగింది లేదు.

ఎలుగు విషయంలో కావలసింది మన రాక దానికి ముందే తెలియడం. తెలుగులో "ఎలుగు" అంటే మృగం, "ఎలుగు" అంటే గొంతు కూడా. ఎలుగెత్తి నడిచేవారికి ఎలుగు అడ్డం రాదని పిల్లలకు నేర్పితే పదం కూడా గుర్తుంటుంది. బండల సందుల్లోకి, చెదపుట్టల పక్కనున్న దట్టమైన పొదల్లోకి తొంగిచూడకపోవడం, తెల్లవారిన తరువాతే అడవిలో అడుగుపెట్టడం మిగిలిన జాగ్రత్తలు. ఈ చివరిది పాటించాలంటే ఆకు కొనే కల్లం వేళలూ, కట్ట ధరా కూడా దానికి అనుకూలంగా ఉండాలి. జాగ్రత్త చెప్పినంత మాత్రాన చాలదు, జాగ్రత్తపడే స్తోమత కూడా కల్పించాలి.

మన ఉప్పుగుంటలు మనకూ ఉన్నాయి. కొండగట్టు మెట్ల మీద కొబ్బరిచిప్పలూ అరటిపండ్లూ అందించి కోతులను మరిపింది మన భక్తే. నేడు అవి చేతిసంచి లాక్కుంటే కోతిని నిందిస్తాం. ఛత్తీస్‌గఢ్‌లో మహాసముంద్ జిల్లా ఘుంచాపాలి చండీమాత గుడికి ఎలుగులే ప్రసాదం కోసం వస్తాయి, జనం దగ్గర నిలబడి తినిపిస్తారు. అది అమ్మవారి మహిమ అనుకోవడం తప్పని నేననను. కాని ఒలింపిక్ కొండ మీద మొదటి మేక మొదటి చెమటసంచిని నాకిన రోజు కూడా అక్కడున్నవారికి అంత అందమైన దృశ్యమే అయి ఉంటుంది. అలిపిరి నడకదారిలో 2023 ఆగస్టులో ఆరేళ్ళ పాపను చిరుత ఎత్తుకుపోయాక దేవస్థానం భక్తులకు చేతికర్రలు ఇచ్చింది, పిల్లలతో నడిచే వేళలను కుదించింది. ఆ దారిలో విసిరిన తినుబండారాలకు చేరే జింకలూ, కుక్కలూ, వాటి వెంట చిరుతలూ, ఈ గొలుసు గురించి ఆలోచించడం కర్ర ఇచ్చినంత సులభం కాదు.

కాబట్టి మేక ప్రమాదకరమా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. జంతువులో ఉన్నది బలం మాత్రమే. అది ప్రమాదంగా మారేది మనిషి దానికి ఏమి అలవాటు చేశాడు, దాని దగ్గరికి ఎందుకు వెళ్ళవలసివచ్చింది అన్నవాటిని బట్టి. సేలిష్ నేతగాళ్ళు ముళ్ళపొదల మీది ఉన్ని ఏరుకున్నంతకాలం మేకకూ మనిషికీ తగవు రాలేదు. వీర్నపల్లి గుట్టల్లో ఆకు కోసే మనిషికి అంతటి నింపాది దక్కాలంటే దిద్దవలసింది ఎలుగును కాదు.

ఒక చిన్న అభ్యర్థన. నాలుగు కొమ్ముల జింకను మీ వైపు ఏమంటారు? కొండగొర్రె అనేనా, మరో పేరుందా? ఎలుగుకు గుడ్డెలుగు, ఎలుగుగొడ్డు కాక ఇంకేమైనా పేర్లు వాడుకలో ఉన్నాయా? అడవికి పోయేవారు దాని పేరు పలకకుండా మారుమాటతో పిలిచే అలవాటు ఎక్కడైనా విన్నారా? పెద్దలను అడిగి తెలియజేస్తే సంతోషిస్తాను. గుట్టలు పోతున్నంత వేగంగా ఈ పేర్లూ పోతున్నాయి.